శ్యామ్ సుందర్ హాజరు

కొల్లేటికోట,
3 నవంబరు 2003.

తమ్ముడు మనోజ్‌కి,

హెప్సిబా అక్క రాసేది. ఇక్కడ అందరం కులాసా అని మొదలుపెట్టాలి. కులాసాగా లేము కాబట్టి ఆ ముక్క వదిలేస్తున్నాను. ఫోను చెయ్యవచ్చు కదా అంటావేమో. మా స్కూల్లో ఫోను ఉంది. కిందటిసారి నేను మాట్లాడుతుంటే సగంలో "లైను సరిగ్గా లేదక్కా" అని పెట్టేశావు. లైను బాగానే ఉంది, నీ దగ్గర జవాబు లేదు. ఉత్తరం చదవడం సగంలో ఆపినా మిగతా సగం అక్కడే ఉంటుంది. అందుకని ఇకనుంచి నీతో వాదనంతా ఉత్తరాల్లోనే.

పదహారేళ్ళు సరిహద్దుల్లో తిరిగిన నిన్ను మన జిల్లాలోని పార్ట్‌టైం పటాలానికి వేశారంటే అమ్మ సంతోషించింది. నేనూ సంతోషించాను. ఏడాదికి ఒక్క నెల సిపాయిలుగా ఉండి, మిగతా పదకొండు నెలలూ ఆటోలు తోలుకునే, వరి కోసుకునే మనుషులకి మీలాంటి ఫుల్‌టైం సిపాయిలు దేనికని అడిగాను. "వాళ్ళకి సాయంగా ఉండటమే మా డ్యూటీ అక్కా" అన్నావు. ఆ సాయం మా ఇంట్లోకే వస్తుందని మాత్రం చెప్పలేదు.

శనివారం మీ బావ ఏలూరు నుంచి ఇంటికి రాలేదు. ఐసు ఫ్యాక్టరీ అబ్బాయిరాజు గారి దగ్గర్నుంచి కబురొచ్చింది. మా ఆయన సైన్యంలో చేరాడట. గూడెం పాత ఏరోడ్రోములో నెల రోజుల క్యాంపుకి వెళ్ళాడట. పదకొండేళ్ళుగా ఆ ఫ్యాక్టరీలో అమోనియా కంప్రెసరు నడిపే మనిషి, మోకాళ్ళు నొప్పులని ప్రార్థనలో కూడా కుర్చీ అడిగే మనిషి, తనంతట తాను సైన్యంలో చేరాడంటే నమ్మడానికి నేను నీ సుబేదారుని కాను. నువ్వే చేర్పించావు. కొల్లేటి మీదికి ఏటా దండెత్తి వచ్చేవి గూడకొంగలు. వాటితో యుద్ధానికి మా ఆయనే దొరికాడా నీకు? ఈ దేశంలో పేదవాడికి ఉద్యోగం ఇవ్వడానికి ఎవరికీ చేతులు రావు గానీ, యూనిఫాం ఇవ్వడానికి మాత్రం అందరూ ముందుకొస్తారు. ఉన్న ఉద్యోగం పోతే నీ పటాలం ఇస్తుందా?

మీ బావని ఇంటికి పంపించు.

ఇట్లు,
నీ మీద కోపం తగ్గని అక్క,
హెప్సిబా.

*

క్యాంపు, తాడేపల్లిగూడెం,
7 నవంబరు 2003.

హెప్సీ అక్కకి,

ప్రభువు కృపలో వందనాలు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సగంలో ఆపలేదు.

బావగారిని నేను చేర్పించలేదక్కా. నేనిక్కడికి వచ్చేటప్పటికే ఆయన పేరు ఉంది. క్యాంపు మొదటి రోజు లైను కట్టించి చివరి నుంచి చూసుకుంటూ వస్తున్నాను. మధ్యలో బావగారు. నిక్కరు, బూట్లు, నిటారుగా ఛాతీ. "ఏరా మనోజూ, టిఫిను చేశావా" అన్నారు లైనులోంచే. నీకు చెప్పే వచ్చారనుకున్నాను. ఆయన, నువ్వే నన్ను ఇక్కడికి వేయించావనుకుంటున్నారు, ఆయన మీద ఓ కన్నేసి ఉంచడానికి.

అసలు కష్టం నాది. హవల్దారు అన్నవాడు సిపాయి మీద అరవాలి. మీ పెళ్ళిలో ఉంగరం పళ్ళెం పట్టుకుని ఆయన పక్కన నిలబడ్డవాణ్ణి, ఆయన మీద ఎలా అరవను? "బావగారూ, ఎడమ కాలు ముందండీ" అంటున్నాను. మా సుబేదారు నేగీ గారు గఢ్వాల్ కొండల మనిషి. ఈ "అండీ" అన్నప్పుడల్లా వీళ్ళు చక్కగా కదులుతున్నారని గమనించారు. ఇప్పుడు మైదానమంతా వినపడేలా "సావధాన్ అండీ" అంటున్నారు. కవాతు బాగానే సాగుతోంది.

ఎందుకు చేరారని బావగారినే అడిగాను. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "ఫ్యాక్టరీలో పదకొండేళ్ళలో సెలవన్నది లేదురా. జ్వరమొస్తే కంప్రెసరు పక్కనే పడుకున్నాను. ఈ పటాలంలో చేరినవాడికి యజమాని నెల రోజులు సెలవిచ్చి తీరాలంట, ఉద్యోగం తియ్యకూడదంట, చట్టం ఉందంట. నాకు నెల రోజులు అమోనియా లేని గాలి పీల్చుకోవాలనుంది."

తెల్లారకుండానే పరుగెత్తించే చోటికి విశ్రాంతి కోసం వచ్చిన మనిషిని నా సర్వీసులో ఈయన్నే చూశాను. సుఖంగా ఉన్నారు. మోకాళ్ళ నొప్పులు కూడా తగ్గాయంటున్నారు.

నీ తమ్ముడు,
మనోజ్.

*

కొల్లేటికోట,
11 నవంబరు 2003.

మనోజ్‌కి,

నీ ఉత్తరం స్టాఫ్ రూములో చదివాను. సెలవు కోసం సైన్యంలో చేరిన మొగుడు. దీని మీద నవ్వాలా? మా హెడ్మాస్టరు నవ్వారు, నేను ఆయనతో దెబ్బలాడాను. పనివాడికి విశ్రాంతి ఇమ్మని చెప్పే చట్టాలు ఈ దేశంలో బోలెడున్నాయి, ఒక్కటీ ఏలూరు దాకా రాలేదు. తుపాకీ పట్టుకుంటే మాత్రం వస్తుందన్నమాట చట్టం. ఈ మాట నాతో చెప్పడానికి మొహమాటపడి నీతో చెప్పాడు, దానికి వేరే కోపం ఉంది, అది ఆయనకే దాచి ఉంచాను.

ఇప్పుడు సంగతి విను. అబ్బాయిరాజు గారు మళ్ళీ మనిషిని పంపారు. ఇన్నాళ్ళూ కంప్రెసరు ఆయనే ఎలాగో నెట్టుకొస్తున్నారట, ఆదివారంలోగా ఆపరేటరు రాకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటారట. చట్టం ఉంది కదండీ అన్నాను. "చట్టం ఢిల్లీలో ఉందండీ, చేప ఏలూరులో ఉంది, ఐసు లేకపోతే హౌరా లారీ ఎక్కదు" అని చెప్పించారు. ఎంత మర్యాదగా చెప్పించారనుకున్నావు. మన వైపు మనిషి పొట్ట కొట్టేటప్పుడు కూడా అండీ మానరు.

ఇరవై ఏళ్ళు యూనియన్ మీటింగుల్లో మాట్లాడాను, ఇంత ఒళ్ళుమండి ఎప్పుడూ మాట్లాడలేదు. నీ నేగీ గారికి నా మాటగా చెప్పు. సాయంగా ఉండటమే మీ డ్యూటీ అన్నారు కదా. ఏం సాయం? మనుషుల్ని పనుల్లోంచి లాక్కొచ్చి ఎడమ కాలు కుడి కాలు నేర్పడమా? వెనక ఆ పనులు ఎవడు చెయ్యాలి? సిగ్గుంటే మీలో ఒకణ్ణి ఆ కంప్రెసరు దగ్గర నిలబెట్టమను. చేతకాకపోతే క్యాంపు బోర్డు పీకేసి ఇళ్ళకి పొమ్మను.

హెప్సిబా.

*

ఐసు ఫ్యాక్టరీ, ఏలూరు,
16 నవంబరు 2003.

అక్కకి,

పైన అడ్రసు చూసి కంగారుపడకు.

నీ ఉత్తరాన్ని నేగీ గారికి హిందీలో చదివి వినిపించాను. కాస్త మెత్తగా చెబుదామనుకున్నాను, నీ వాక్యాలు మెత్తపడలేదు. ఆయన లేచి నిలబడి విన్నారు. తర్వాత తన పోస్టింగు ఆర్డరు తీసి నాకు చూపించారు. ఫుల్‌టైం సిబ్బంది పార్ట్‌టైం సిబ్బందికి అన్ని విధాలా తోడ్పడవలెను అని ఉంది. "మీ అక్కగారు చెప్పిందే ఇందులో ఉంది. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆర్డరుని ఇంత సరిగ్గా అర్థం చేసుకున్న మనిషిని నేను చూడలేదు" అన్నారు. ఆ సాయంత్రమే నన్ను ఇక్కడికి పంపారు.

లడఖ్‌లో నేను జనరేటర్లు నడిపినవాణ్ణే కదా, కంప్రెసరు పట్టుబడటానికి ఒక్క రోజు పట్టింది. అక్కడ మంచు దానంతటదే వచ్చేది, ఇక్కడ మనం చెయ్యాలి, అంతే తేడా. అబ్బాయిరాజు గారు పొద్దున్నే కుర్చీ వేయించుకుని పనివాళ్ళ పేర్లు పిలుస్తారు. "నెల రోజుల కోసం మళ్ళీ కొత్త పేరెందుకండీ" అని నన్ను కూడా బావగారి పేరుతో శ్యామ్ సుందర్ అనే పిలుస్తున్నారు. నేను "హాజరు సార్" అంటున్నాను. ఎంత గట్టిగా అంటానో, మొదటి రోజు ఆయన కుర్చీలోంచి లేచారు.

సంగతి క్యాంపులో తెలిసి మిగతావాళ్ళూ అడిగారు. అడిగితే కాదనడానికి ఆర్డరు ఒప్పుకోదు. వాళ్ళలో ఏడుకొండలు అనే అతని ఆటోని మా నాయక్ బల్వీందర్ తోలుతున్నాడు. అతనికి ఏలూరులో తెలిసింది రైల్వే స్టేషనొక్కటే, ఎవరెక్కినా అక్కడ దింపుతాడు. ఎవరూ ఏమీ అనడం లేదట. డబ్బులిచ్చి, దిగి, "వస్తామండీ" అని నడిచి వెళ్ళిపోతున్నారట. మరో ఇద్దరు పెంటపాడులో వరి కోతలకి వెళ్ళారు. క్యాంపులో ఇప్పుడు ఫుల్‌టైం మనిషి నేగీ గారొక్కరే. డ్రిల్లు చెప్పించేవాళ్ళు లేక, గొంతు బాగుందని బావగారి చేత చెప్పిస్తున్నారు.

మొత్తానికి నువ్వు అడిగినట్టే ఉద్యోగం నిలబెట్టాను. ఇప్పుడైనా కోపం పోయిందా?

మనోజ్.

*

కొల్లేటికోట,
20 నవంబరు 2003.

మనోజ్‌కి,

కోపం పోయిందా అని అడిగావు. అది ఎక్కడుందో నేను చెబుతాను, కూర్చుని చదువు.

నేను ఒళ్ళుమండి అన్న మాటని మీరు ఆర్డరు కింద అమలు చేశారు. జీవితంలో నా మాట అమలైంది ఇదొక్కసారే, అదీ అవతలివాడికి లాభంగా. ఆ ఫ్యాక్టరీలో రాత్రీ పగలూ ఒక్కడే ఆపరేటరు. రెండో ఆపరేటర్ని పెట్టమని పనివాళ్ళు మూడేళ్ళుగా అడుగుతున్నారు. దిమ్మలు మోసే సల్మాన్ లేడూ, ఇమాం సాహెబ్ గారబ్బాయి, అతను నిన్న వచ్చి మా వరండాలో కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మీ బావ క్యాంపుకెళ్తే కంప్రెసరు దానంతటదే ఆగుతుంది, అప్పుడు అబ్బాయిరాజు గారే దిగివస్తారు అని వీళ్ళంతా ఎదురుచూస్తున్నారట. సమ్మె చెయ్యకుండానే సమ్మె అయ్యేది. నువ్వెళ్ళి ఆన్ చేశావు. సమ్మెలో దొంగతనంగా పనిచేసేవాణ్ణి ఏమంటారో మన యూనియన్ భాషలో ఉంది. నా తమ్ముణ్ణి ఆ మాట అనలేక ఇక్కడ ఖాళీ వదులుతున్నాను:                    . నువ్వే పూరించుకో.

ఇంకా ఉంది. నువ్వు చాలా బాగున్నావట. టీ అడగవట. నిలబడమంటే నిలబడతావట. "సైన్యం మనిషి రుచి చూశాక మామూలు మనిషి ఎక్కడ ఆనతాడండీ" అన్నారట అబ్బాయిరాజు గారు. క్యాంపు అయ్యాక మీ బావ రానక్కర్లేదని తేల్చి చెప్పేశారు. నీ పోస్టింగు ఉన్నన్నాళ్ళూ నువ్వే చాలట. మా ఆయన ఉద్యోగం కాపాడరా అంటే నువ్వు మా ఆయన ఉద్యోగమే తీసుకున్నావు. ప్రభుత్వం జీతమిచ్చి మేపిన మనిషిని ఒక యజమాని ఊరికే వాడుకుంటున్నాడు, పటాలం దానికి తోడ్పాటు అని పేరు పెట్టింది.

ఆ కంప్రెసరు ఆపు.

హెప్సిబా.

*

ఐసు ఫ్యాక్టరీ, ఏలూరు,
24 నవంబరు 2003.

అక్కకి,

ఖాళీ పూరించుకున్నాను. నిద్ర పట్టలేదు.

బావగారిని తీసేస్తారని నాకు తెలియదు. తెలిశాక వెంటనే కంప్రెసరు ఆపేద్దామని లేచాను. కానీ సైనికుడు సమ్మె చెయ్యకూడదక్కా. పని ఆపడం మాకు నేరం, కోర్టు మార్షల్ చేస్తారు. తిరిగి క్యాంపుకి పోదామంటే, నేను వెళ్ళిన గంటలో అబ్బాయిరాజు గారు ఇంకొకణ్ణి పెట్టుకుంటారు, బావగారి పేరు పూర్తిగా పోతుంది. ఉంటే తప్పు, పోతే తప్పు. నేగీ గారిని అడిగితే ఆర్డరులో ఇది లేదన్నారు.

ఒక్క సంగతి తోస్తోంది, నువ్వే చెప్పాలి. ఇక్కడ మనోజ్ అనేవాడు లేడు. పొద్దున్నే పిలిచేది శ్యామ్ సుందర్‌ని, పలికేది శ్యామ్ సుందర్. నన్నిలా వేరే పేరుతో పిలిస్తే మొదట తప్పనిపించాలి కదా, అనిపించలేదు. ఎందుకో ఆలోచించాను. మనిళ్ళల్లో ఒక మనిషికి ఒకే పేరు ఎప్పుడుంది?

హవల్దారు మనోజ్‌కి సమ్మె హక్కు లేదు. శ్యామ్ సుందర్‌కి ఉందా?

మనోజ్.

*

కొల్లేటికోట,
27 నవంబరు 2003.

ఒరే మనోజూ,

ఉంది. నిండా ఉంది.

నీ ప్రశ్న చదివి పిల్లలకి లెక్కలిచ్చి వెనక బెంచీలో కూర్చుని ఇది రాస్తున్నాను. మీ బావకి గుళ్ళో పేరు సైలస్. బాప్తిస్మం ఆ పేరుతోనే. బళ్ళో వేసేటప్పుడు మా మామగారు శ్యామ్ సుందర్ అని రాయించారు. ఏం, కృష్ణుడి మీద ప్రేమతోనా? మాల మాదిగల్లో పుట్టినవాడు క్రీస్తుని నమ్మితే ఎస్సీ రిజర్వేషను తీసేస్తుంది ఈ ప్రభుత్వం. ఊళ్ళో నీళ్ళ దగ్గర మాత్రం ఎవరూ ఏమీ తీసెయ్యరు, ఆ కులం ఆ దూరం అలాగే ఉంటాయి. అందుకని రికార్డుకి ఒక మనిషి, ప్రభువుకి ఒక మనిషి. మనల్ని రెండుగా బతకమన్నది వాళ్ళే. ఇప్పుడు రెండు పేర్లతో పని పడితే మనం సిగ్గుపడాలా? నీకది తప్పనిపించకపోవడం నీ తప్పు కాదు.

సోమవారం సమ్మె. సల్మాన్‌కి చెప్పాను, లేబరాఫీసుకి నోటీసు వెళ్ళింది. నువ్వు శ్యామ్ సుందర్‌గా గేటు ముందు కూర్చో. డిమాండ్లు రెండే. శ్యామ్ సుందర్‌ని తియ్యకూడదు. రెండో ఆపరేటర్ని పెట్టాలి. నాకు ఆ రోజు స్కూలు ఇన్‌స్పెక్షను, రాలేను. కూర్చునేటప్పుడు నిటారుగా కూర్చోకు, నువ్వు సిపాయివని తెలిసిపోతుంది. కాస్త వంగు.

అక్క.

*

క్యాంపు, తాడేపల్లిగూడెం,
3 డిసెంబరు 2003.

అక్కకి,

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఇందులో ఒక్క ముక్క కల్పన లేదు, అదే నా బాధ.

సోమవారం పొద్దున్నే కూర్చున్నాం. నేను వంగే కూర్చున్నాను. లేబరాఫీసరు గారు కూడా వచ్చి పక్కన నిలబడ్డారు. అబ్బాయిరాజు గారు పోలీసుల దగ్గరికి వెళ్తే, మీ మనుషులతో మీరే మాట్లాడుకోండి అన్నారట. ఆయన తిన్నగా గూడెం వెళ్ళి నేగీ గారిని కలిశారు. ఆ రోజు క్యాంపు ఆఖరి రోజని మా కల్నలు గారు తనిఖీకి వచ్చి ఉన్నారు. అత్యవసర సేవలకి కాపలా కాయడం అనే పాఠం చూపించమంటే నేగీ గారికి చోటు దొరక్క అవస్థపడుతున్నారు. అబ్బాయిరాజు గారు ఐసు అత్యవసరమే కదండీ అన్నారు. మధ్యాహ్నానికి పటాలమంతా లాఠీలతో ఫ్యాక్టరీ ముందు దిగింది. ముందు వరసలో బావగారు.

కల్నలు గారు చూస్తున్నారు. నేగీ గారు బావగారితో, "శ్యామ్ సుందర్, ఆ గేటు దగ్గర మనిషిని లేపండి అండీ" అన్నారు.

బావగారు కవాతు చేసుకుంటూ వచ్చి నా ముందు ఆగారు. చుట్టూ చూసి గొంతు తగ్గించారు.

"ఏరా, లేస్తావా?"

"లేవనండీ. మీ ఉద్యోగం బావగారూ."

"అయితే కూర్చో" అన్నారు. వెనక్కి వెళ్ళి సెల్యూట్ కొట్టి, "లేవనంటున్నాడు సార్" అని చెప్పారు. పాఠంలో తర్వాత మెట్టు పట్టుకుని లేపడం. కానీ సిపాయి హవల్దారు మీద చెయ్యి వెయ్యకూడదు. ఆ సంగతి నేగీ గారికీ తెలుసు, బావగారికీ తెలుసు. ఇద్దరూ ఆకాశం వైపు చూస్తున్నారు.

కల్నలు గారికి అనుమానం వచ్చింది. నా దగ్గరికొచ్చి పరకాయించి చూసి, అబ్బాయిరాజు గారిని హిందీలో అడిగారు. "ఎవరితను? మా హవల్దారులా ఉన్నాడే. మా మనిషి మీ ఫ్యాక్టరీలో పనిచేస్తుంటే ఎవరి అనుమతితోనో నేను తెలుసుకోవాలి."

అబ్బాయిరాజు గారు నన్ను చూశారు, లేబరాఫీసరు చేతిలో కలం చూశారు, నుదురు తుడుచుకున్నారు. "మీ హవల్దారు మా దగ్గరెందుకుంటారండీ. ఇతను శ్యామ్ సుందర్. మా ఆపరేటరు. పదకొండేళ్ళుగా పర్మనెంటు."

లేబరాఫీసరు రాసుకున్నారు. కల్నలు గారు బావగారి వైపు తిరిగి నీ పేరేమిటన్నారు.

"శ్యామ్ సుందర్ సార్. ఇదే ఫ్యాక్టరీలో ఆపరేటర్ని సార్."

లేబరాఫీసరు తలెత్తి, "ఈయన కూడానాండీ?" అన్నారు. అబ్బాయిరాజు గారు మళ్ళీ నుదురు తుడుచుకున్నారు. తర్వాత, "కూడానండీ" అన్నారు.

ఇక్కడ ఆ పేరు ఎక్కువా అని కల్నలు గారు అడిగారు. చాలా ఎక్కువ అని నేగీ గారు చెప్పారు. తనిఖీ పూర్తయింది, పటాలానికి మంచి మార్కులు పడ్డాయి. యజమాని నోటితోనే ఇద్దరు ఆపరేటర్లు ఉన్నట్టు రాతలోకి వచ్చింది కాబట్టి సమ్మె విరమించాం.

నాకు మాత్రం అస్సాం పోస్టింగు వచ్చింది. ఈ నెలాఖరుకి వెళ్ళాలి. అక్కడ ఫుల్‌టైం పటాలమేనట.

మనోజ్.

*

కొల్లేటికోట,
9 జనవరి 2004.

ప్రియమైన తమ్ముడు మనోజ్‌కి,

అస్సాంలో చలిగా ఉందని అమ్మ స్వెట్టరు పంపింది, అది అందేదాకా శాలువా కప్పుకో. నువ్వెళ్ళాక జరిగిన సంగతులు చాలా ఉన్నాయి.

నీ చోటు ఖాళీ అయింది కదా. లేబరాఫీసు రాతలో ఇద్దరు శ్యామ్ సుందర్లున్నారు, ఇద్దరూ కనపడాలి. అబ్బాయిరాజు గారు ఏలూరంతా ఆ పేరున్నవాడి కోసం వెతికించారు. దొరికినవాళ్ళు ఒకరు డాక్టరు, ఒకరు ఇంటర్ కుర్రాడు. చివరికి సల్మాన్‌ని ఆ పేరుకి పలకమన్నారు. వాళ్ళమ్మ మునీరా గారు నా దగ్గరికొచ్చి, "ఆదివారం మీ గుడికి కూడా రావాలా అండీ వాడు?" అని అడిగారు. ఏమని చెప్పను? అక్కర్లేదండీ, ఇది కేవలం జీతానికే అన్నాను. ఆ మాట అన్న రోజు అన్నం సహించలేదు. ఇది గెలుపేమిటి? పని కావాలంటే పేరు వాకిట్లో విడిచి లోపలికి రమ్మనే చోట, ఇంకో అమాయకుణ్ణి అదే వాకిట్లో నిలబెట్టాం.

అబ్బాయిరాజు గారు అంతటితో ఊరుకోలేదు. సంక్రాంతి లారీల ఒత్తిడి ఉండగానే మీ బావని పిలిచి, "పదకొండేళ్ళ పర్మనెంటు శ్యామ్ సుందర్ అని నేను చెప్పింది గేటు దగ్గర కూర్చున్నాయన గురించి కదండీ. ఆయన అస్సాం వెళ్ళిపోయారు. మీరు ఆ 'కూడా' శ్యామ్ సుందర్. మీకు నెల సర్వీసు కూడా లేదు, సోమవారం నుంచి రానక్కర్లేదు" అన్నారట. ఇంత తెలివి కంప్రెసరు రిపేరు మీద పెట్టుంటే ఆ అమోనియా వాసన ఈపాటికి తగ్గేది.

ఆదివారం గుడి అయ్యాక పనివాళ్ళంతా మా వరండాలోకి వచ్చారు. మాట్లాడుకున్నాం. అందరూ క్యాజువల్ మనుషులే, పదేళ్ళున్నవాడూ క్యాజువలే. నేను ఉపన్యాసం ఇవ్వబోయాను, సల్మాన్ ఆపి ఒకే ఒక్క మాట అడిగాడు: "మేడం గారూ, శ్యామ్ సుందర్ పర్మనెంటని ఆయనే చెప్పారు కదండీ. అయితే మనమందరం అదే అయిపోతే?"

సోమవారం నేను సెలవు పెట్టి వెళ్ళి గేటు బయట నిలబడ్డాను. అబ్బాయిరాజు గారు కుర్చీలో కూర్చుని మొదటి పేరు పిలిచారు. ఎవరూ పలకలేదు. రెండోది పిలిచారు. పలకలేదు. అలా వరసన పిలుచుకుంటూ శ్యామ్ సుందర్ దగ్గరికొచ్చారు.

"హాజరండీ" అన్నారు. అందరూ.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పిలిచారు. మళ్ళీ అందరూ పలికారు. దిమ్మలు మోసేవాళ్ళు, ఉప్పునీళ్ళ తొట్టి దగ్గరవాళ్ళు, లారీకి ఎక్కించేవాళ్ళు, మీ బావ.

"ఇందులో నేను తీసేసిన శ్యామ్ సుందర్ ఎవరయ్యా?" అన్నారు.

ఒక్కొక్కరూ పక్కవాడి వంక చూశారు. బయట హౌరా లారీ హారన్ కొడుతోంది. ఆయన వాళ్ళ మొహాలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చారు, పదకొండేళ్ళలో మొదటిసారి చూస్తున్నట్టు. చివరికి విసుగ్గా చెయ్యి విసిరి, "ఎవరో ఒకరు వెళ్ళి కంప్రెసరు ఆన్ చెయ్యండి" అన్నారు.

మీ బావ వెళ్ళి ఆన్ చేశాడు.

నీ అక్క,
హెప్సిబా.